కాకి విస్తరి

పొట్లం చించగానే పుల్లటి వాసన వచ్చింది. మూడు రోజులుగా విరేచనాలతో పడి ఉన్న మా కుక్క బ్రౌనీకి పొద్దున డాక్టరు రాసిచ్చిన ప్రోబయోటిక్ పొడి ఇది. కడుపులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులను మళ్ళీ నింపుతుందట. అశోక్ నగర్ ఫ్లాటు వంటింట్లో దాన్ని పెరుగులో కలుపుతున్నానే గానీ, నా మనసు చిక్కడపల్లి సందులోని పాత ఇంట్లో, నాయనమ్మ పెరుగుకుండ దగ్గరే ఉంది. ఆ వాసనంటే నాకిప్పటికీ భయం.

పెద్దలకు పెట్టే అమావాస్య, పెత్రమాస నాడు మా ఇల్లు తెల్లారకముందే నూనె వాసనతో నిండిపోయేది. పొయ్యి మీద గారెలు పొంగుతుంటే, పక్కన మటన్ ఉడుకుతుంటే, సాయంత్రం బతుకమ్మ కోసం తెచ్చిన తంగేడు, గునుగు పూల కుప్పల మీదుగా మేం ఆకలితో అటూ ఇటూ గెంతేవాళ్ళం. చనిపోయిన తాత పేరున మొదటి విస్తరి డాబా మీద పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. ఆ ఏడు కాపలా నాది. తొమ్మిదేళ్ళుంటాయి నాకు. మధ్యాహ్నం దాటినా ఒక్క కాకీ రాలేదు. కడుపు కాలిపోతుంటే విస్తరి ఎత్తి మా కుక్క మోతీ ముందు పెట్టేశాను. గారెలు, కొవ్వు ముక్కలు, అన్నీ క్షణంలో ఊడ్చేసింది.

"నాయనమ్మా! కాకి ముట్టింది!" అని కేకేశాను.

నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీ తాత అచ్చి తిన్నడు బిడ్డా" అంది. ఇంక ఆ మాట ఎట్లా వెనక్కి తీసుకోను?

మర్నాటికి మోతీకి వాంతులు, విరేచనాలు. "కుక్కకు నెయ్యి కూడు ఇముడుతదా? ఎవరో ఏందో పెట్టిన్రు. పెట్టినోల్ల చేతులిరగ!" అని నాయనమ్మ తిట్టిపోసింది. రిక్షాలో గోనెసంచి పరిచి నారాయణగూడలో ఒక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం.

"నూనెది, కొవ్వుది ఏమన్న పెట్టిన్రా?" అని ఆయన అడిగాడు. నాయనమ్మ నా వంక చూసింది.

"ఏం పెట్టలే సార్. పెరుగన్నమే" అన్నాను.

అయితే నీరసమే అనుకుని పాలు, గుడ్డు బాగా పెట్టమన్నాడు. పెట్టిన ప్రతిసారీ మోతీ కక్కింది. మూడో రోజు నాయనమ్మ, మమ్మల్ని కూడా ముట్టనివ్వని తన పెరుగుకుండలోంచి గరిటెడు తీసి, మజ్జిగ చేసి, ఉప్పేసి, చుక్క చుక్కగా దాని నోట్లో పోసింది. అది మింగలేదు. మజ్జిగంతా చెంప పక్కనుంచి కారిపోయింది. సందులో బతుకమ్మ పాటలు సాగుతుండగానే మోతీ పోయింది. నాయనమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు. పిరికిదాన్ని.

పొద్దున ఈ డాక్టరూ అదే అడిగాడు. "ఏం పెట్టలే అంకుల్" అంది నా కూతురు, నేల చూపులు చూస్తూ. ఆ చూపు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆయన ఎదుటే పిల్లకు మోతీ సంగతంతా చెప్పాను. "కాకి ముట్టలే బిడ్డా. నేనే పెట్టిన." మొదటిసారి ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. పిల్ల ఏడ్చేసింది. తన పుట్టినరోజు బిర్యానీలోని మటన్ కొవ్వంతా బ్రౌనీకి పెట్టిందట. డాక్టరు వెంటనే సెలైన్ ఎక్కించి, నూనె, కొవ్వు అన్నీ బందు చేయించి, ఈ పొడి రాశాడు.

మా పాత ఇల్లిప్పుడు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్. డాబా మీద రేకులు పడ్డాయి. పెత్రమాసకు విస్తరి పెడదామన్నా ఈ చుట్టుపక్కల కాకి కనబడదు.

బ్రౌనీ గిన్నె వాసన చూసి మొహం తిప్పుకుంది. నాయనమ్మలాగే కొంచెం కొంచెంగా దాని నోటికి పెట్టాను. చాలాసేపటికి మింగింది. చెప్పుకుందామంటే నాయనమ్మ లేదు.