దాలమ్మ క్యాప్సూళ్ళు, తవిటయ్య పథ్యం

2002లో నేను పలాసలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా ఉండేదాన్ని. రైల్వేస్టేషనుకు దగ్గర కావడంతో ప్యాసింజరు బండి ఆగిందంటే మా వరండా నిండిపోయేది. మా డాక్టరుగారు మాటలు మహా పొదుపుగా వాడతారు. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్ను అక్కడ వేసినట్టున్నాడు. ఆయన ఒక్క మాట అంటే దాన్ని పది చేసి రోగులకు విడమరచి చెప్పడం నా పని. ఆ పని నాకు భలే ఇష్టం.

ఆ ఏడు వానలప్పుడు సుమ్మాదేవి దగ్గరి పల్లె నుంచి దాలమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీది పొర ఒలిచే పని. పప్పు విరగకుండా పొర ఊడి రావాలంటే వేళ్ళు తేలిగ్గా ఆడాలి. ఆమె వేళ్ళ కణుపులేమో వాచిపోయి, పొద్దుటి పూట పిడికిలి కూడా ముడుచుకునేది కాదు.

"కొప్పు కూడా ఈ మడిసే కడతన్నాడు సిస్టరమ్మా. సూడు, కాకిగూడులాగ నేదా?" అంటూ పక్కనున్న మొగుణ్ణి చూపించింది.

ఆయన పేరు తవిటయ్య. సిగ్గుపడలేదు సరికదా, "నేర్సుకుంతన్నాను కదేటి!" అన్నాడు.

పరీక్షల్లో రుమటాయిడ్ ఆర్త్రైటిస్ అని తేలింది. అంటే ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి సొంత కీళ్ళ మీద పడడం. అప్పటికే మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని ఊరు తక్కువ. దాలమ్మ కిడ్నీలు బాగానే ఉన్నా, నొప్పి బిళ్ళలు నెలల తరబడి మింగించడానికి డాక్టరుగారికి మనసొప్పలేదు. ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇస్తే నోరంతా పుళ్ళు పడింది. చివరికి విశాఖలో కీళ్ళ డాక్టరుతో మాట్లాడి మినోసైక్లిన్ మొదలుపెట్టారు. అది యాంటీబయాటిక్. సూక్ష్మజీవుల్ని చంపే మందే అయినా కీళ్ళ వాపును కూడా తగ్గిస్తుందని కొందరు డాక్టర్లు నెలల తరబడి వాడి చూస్తున్న రోజులవి. పాలు ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. అందుకని డాక్టరుగారు ఒకే జాగ్రత్త చెప్పారు: "పాలతో వేసుకోకండి."

నెమ్మదిగా వేళ్ళు సాగాయి. శివరాత్రి నాటికి దాలమ్మ పనిలోకి వెళ్ళింది, తన కొప్పు తనే ముడుచుకుంది. ఆమె కన్నా నేనే ఎక్కువ సంబరపడి వరండాలో అందరికీ చూపించాను.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఎండలు ముదిరేసరికి కడుపుబ్బరం, నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి సగమైపోయింది. మలపరీక్షలో భయపడాల్సిందేమీ కనబడలేదు. యాంటీబయాటిక్‌కు మంచీ చెడ్డా తెలియదు, పేగుల్లో అరుగుదలకు సాయపడే సూక్ష్మజీవుల్ని కూడా ఊడ్చేస్తుంది. డాక్టరుగారు తల పంకించి, "మందు ఆపేద్దాం" అన్నారు.

దాలమ్మ భోరుమంది. "ఆపీకండి బాబూ! కడుపు ఎలాగోలాగ నాను సూసుకుంతాను. సేతులు మళ్ళీ కొయ్యబారిపోతే ఇంకేటున్నాది నాకు?"

నాకూ కళ్ళు చెమర్చాయి. తవిటయ్య వైపు చూశాను. చొక్కా కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. మాదీ ఆ పక్కనే టెక్కలి, ఆ చనువుతో ఆయన్ని మావా అనేదాన్ని.

"మందు తింతన్నాది అత్త కదా. నువ్వెందుకు సిక్కిపోనావు మావా?"

ఆయన నేల చూపులు చూశాడు. దాలమ్మే కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "ఈ మడిసి కూడా పత్తెమే సిస్టరమ్మా."

"పత్తెమేటి? ఎవులు సెప్పినారు?"

"డాక్టరు బాబే," అన్నాడు తవిటయ్య ధీమాగా. "పాలొద్దన్నారు. పాలొద్దంటే పెరుగొద్దు, మజ్జిగొద్దు కదా. పులిసిందేదైనా మందుని ఇరిసేత్తాదని సద్దీ, తరవాణీ మానీసినాం. గోంగూరా వంకాయా సరేసరి."

"మరేటి తింతన్నారు?"

"ఏడేడి అన్నం, ఉప్పు, మిరియప్పొడి."

"ఎన్నాళ్ళనుంచి?"

"మందు మొదలెట్టినకాణ్ణుంచీ."

మా వైపు మందు తిన్నన్నాళ్ళూ పథ్యం ఉండడం ఆనవాయితీ. నాటుమందైతే వారమో పది రోజులో. ఈ మందుకు గడువు లేదు కాబట్టి వాళ్ళ పథ్యానికీ గడువు లేకుండా పోయింది. రోజూ పొద్దున్నే కుండలో పులిసిన గంజి తరవాణితో కడుపు నింపుకునే మనుషులు అన్ని నెలలు దాని మొహం చూడలేదు.

"సరే, అత్త తిన్నేదు. నీకేటొచ్చింది?" అని కసిరాను.

"అది ఒట్టన్నం తింతంటే, దానెదర కూసోని నాను సద్దీ ఎండుసేపా ఎలగ తిందును? ముద్ద దిగద్దేటి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

ఆయన మందు కొన్నాళ్ళు ఆపి, మోతాదు తగ్గించి మళ్ళీ ఇస్తానన్నారు. తరవాణి, పెరుగు, అరటిపండు అన్నీ తినమన్నారు. మిగతా వివరం నాది. పెరుగు మానక్కర్లేదని, క్యాప్సూలుకూ దానికీ రెండు మూడు గంటల ఎడం ఉంటే చాలని తవిటయ్య చేత అప్పజెప్పించుకుని మరీ పంపాను.

వానలు పడేసరికి ఇద్దరూ కళకళలాడుతూ వచ్చారు. మందు మళ్ళీ మొదలైనా దాలమ్మ కడుపు నెమ్మదించింది, వేళ్ళు ఆడుతున్నాయి. తనే ఒలిచిన జీడిపప్పు పొట్లం నా చేతిలో పెట్టింది. ఒక్క పప్పూ విరగలేదు.

"మందు తగ్గించినందుకో, తరవాణికో, నేను కచ్చితంగా చెప్పలేను," అన్నారు డాక్టరుగారు.

"తరవాణే బాబూ!" అన్నాడు తవిటయ్య. "నాను మందు తిన్నేదు, తగ్గించనేదు. మరి నాకెలగ ఒళ్ళొచ్చింది?"



కడుపు బాగోలేదని ఎవరొచ్చినా అంతకుముందు "ఏం తిన్నారు?" అని అడిగేదాన్ని. ఆ తర్వాత "ఏం మానేశారు?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఎక్కడెక్కడి పథ్యాలో బయటపడేవి. ఇప్పటికీ రోగి చెప్పడం అయ్యాక పక్కనున్న మొగుడి వైపు తిరిగి "మరి నువ్వు?" అంటాను. చాలామంది నాకేమిటన్నట్టు తెల్లమొహం వేస్తారు. ఎప్పుడో ఒకసారి ఒకడు మాత్రం దొరికిపోయినవాడిలా తల వంచుకుంటాడు. ఆ రోజు నాకు పండగే.