ఇంటి మనిషికి పిలుపెందుకు

రాజేశ్వర్‌ను బుట్టలో వేసుకోవాలంటే "మీ ప్లానింగే వేరు సార్" అంటే చాలు. నిజామాబాద్‌లో సిమెంటు దుకాణం నడిపే ఈ పెద్దమనిషి, కూతురు హర్షిణి పెళ్లి కుదిరిన రోజే ఖర్చంతటికీ ఫోన్లో రంగురంగుల గడులు గీసి పెట్టుకున్నాడు. పెళ్లికొడుకు వాళ్లది బోధన్. వాళ్లు నోరు తెరిచి అడగకముందే ఏసీ హాలు, డ్రోన్ కెమెరా, పూల దర్వాజా ఆకుపచ్చ గడుల్లోకి ఎక్కి కూర్చున్నాయి. ఎర్ర గడులు కోత పెట్టాల్సినవి. ఆ కోత ఎక్కడ పెట్టాడో చూస్తేనే ఈయన తెలివి తెలిసేది.

పిలుపులను రెండుగా విడగొట్టాడు. బ్యాంకు మేనేజరుకూ, సిమెంటు డీలర్లకూ కారేసుకుని వెళ్లి స్వీటు డబ్బాతో కార్డు ఇవ్వాలి. అయినవాళ్లకు ఫోన్లో పంపితే సరిపోతుంది, వాళ్లు అర్థం చేసుకుంటారట. అర్థం చేసుకుంటారన్న ధీమాతో ఎంత చిన్నచూపైనా చూడొచ్చని ఇలాంటివాళ్లకు ఎవరు నేర్పుతారో తెలియదు.

ఆ రెండో రకంలోనే సొంత అక్క హన్మవ్వ కూడా పడింది. ఆమెది వేల్పూర్, పసుపు పండించే ఇల్లు. తల్లి పోయాక రాజేశ్వర్‌ను సాకింది ఆమే, కాలేజీ చదువు చెప్పించిందీ ఆమే. వాళ్ల ఇళ్లలో పెళ్లిపని ఆ ఇంటి ఆడబిడ్డతోనే మొదలవుతుంది. తొలి కార్డు, చీర పట్టుకెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. ఆమె తన చేని పసుపుకొమ్ములు తెచ్చి రోట్లో తొలి పోటు వేస్తేగానీ మిగతా ముత్తయిదువలు రోకలి ముట్టరు.

భార్య జ్యోతిరాణి ఆ మాటే అన్నది. "వదినెను పిలువనీకి పోకుంటే పసుపు ఎవలు దంచుతరు?"

"ఈవెంటోళ్ల హల్దీ ప్యాకేజీల అన్నీ ఉన్నయ్. గా ఒక్క ఇంటికోసం దినమంత ఖరాబు జేస్కోవాల్నా?"

అని రాజేశ్వర్ అక్కకు ఫోన్ కలిపాడు. "అక్కా, కార్డు పంపిన సూడు. నువ్వు ఇంటి మనిషివే గద, నీకు పిలుపేంది? జల్ది రా."

"మంచిది తమ్మీ," అన్నది హన్మవ్వ. పని అయిపోయిందనుకున్నాడు మహానుభావుడు.

హల్దీ రోజు పరదాలు పసుపు, కుర్చీలు పసుపు, ఆడవాళ్ల నల్లకళ్లద్దాల ఫ్రేములు కూడా పసుపే. నడుమ థర్మాకోల్ రోలు. అలవాటు కొద్దీ ఒక ముసలామె రోకలి ఎత్తితే ఫొటోగ్రాఫర్ పరుగెత్తుకొచ్చాడు. "దంచకుండ్రి మేడమ్, పగుల్తది. పట్టుకుని నవ్వుండ్రి." అందరూ నవ్వారు. హర్షిణి మాత్రం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఆమెకు ఆ పందిట్లో కావలసింది మేనత్త ఒక్కతే. "రేపొస్తది బిడ్డా," అన్నాడు తండ్రి.

పెళ్లినాడు హన్మవ్వ వచ్చింది. రాజేశ్వర్ అప్పుడు గేటు దగ్గర బ్యాంకు మేనేజరుకు దండం పెడుతున్నాడు. అక్కను చూసి, "లోపట కూసో అక్కా, తిని పో," అన్నాడు. ఆమె సరిగ్గా అదే చేసింది. అమ్మాయి గదికి వెళ్లలేదు, మండపం ఎక్కలేదు. బంతిలో కూర్చుని తిన్నది. చదివింపుల బల్ల దగ్గర కవరు ఇచ్చింది. "వేల్పూర్ హన్మవ్వ గారు, ఐదు వందల పదహార్లు," అని మైకులో వినిపించింది. సిమెంటు డీలర్ల పేర్ల మధ్య ఆ పేరు ఎవరిదో ఎవరికీ పట్టలేదు.

తలంబ్రాలయ్యాక పెళ్లి చేయిస్తున్న అయ్యగారు తలెత్తాడు. "అమ్మాయి మేనత్త ఎవరమ్మా, వచ్చి హారతి పట్టండి."

రాజేశ్వర్ హాలంతా వెతికి, చివరికి ఫోన్ చేశాడు. వెనక బస్సు చప్పుడు వినబడింది. "నేను ఆర్మూర్ బస్సుల ఇంటికి పోతున్న తమ్మీ. అందర్ని పిలిచినట్టే పిలిచినవ్. అందరొచ్చినట్టే వచ్చిన, తిన్న, సదివించిన. ఇంకేం తక్కువ జేసిన చెప్పు?"

అయ్యగారికి తొందర. ఈవెంట్ వాళ్ల అమ్మాయి, మెడలో ఐడీ కార్డుతోనే వచ్చి పళ్లెం పట్టింది. హర్షిణి ఆ కొత్త మొహాన్ని చూసి, పక్కకు తిరిగి తండ్రిని మెల్లగా అడిగింది.

"అత్తమ్మను పిలువనీకి ఎవలు పోయిండ్రు బాపూ?"

ఖర్చు గురించి ఏ ప్రశ్న అడిగినా టక్కున జవాబు చెప్పే రాజేశ్వర్, చేతిలోని ఫోన్లో రంగు గడులను పైకీ కిందికీ జరపసాగాడు.