దులిపాకే ఇంటికి

మా గేటు బాబాయికి ఒకటే జబ్బు. మనిషి కనిపిస్తే దులపాలి.

మా పరిశోధన పొలంలో పెరిగేది తిండిపంట కాదు, బండ్లకు ఇంధనం తీసే నూనెమొక్క. జన్యువులు మార్చిన రకం. దాని గింజగానీ పుప్పొడిగానీ బయటపడి పక్క రైతుల పంటలో కలవకూడదు. అందుకని చుట్టూ వలలు కట్టాం, పూతకు సంచులు తొడిగాం. అవి చాలవన్నట్టు గేటు దగ్గర బ్రష్షు పట్టుకుని బాబాయ్ ఒకడు.

"చేతులెత్తు. చెవులు చూపించు."

"చెవుల్లో గింజలేంటి బాబాయ్?"

"నా మాట తప్ప అన్నీ దూరతాయి నీ చెవుల్లో."

ఓసారి నా బెల్టు విప్పించి దులుపుతుండగా డైరెక్టరుగారు దిగారు. రెండు చేతులా ప్యాంటు పట్టుకుని నిలబడ్డాను.

"నమస్కారం పెట్టవేమయ్యా?" అన్నారాయన. పెడితే ఏమవుతుందో ఆయనకేం తెలుసు! అంతలో బాబాయ్ ఆయన మీసాలకే బ్రష్షు పెట్టేశాడు.

"పుప్పొడి ఆగేది ఇక్కడే సార్!"

మమ్మల్ని దొంగల్లా చూస్తున్నాడని అందరం లోలోపల కుతకుతలాడేవాళ్లం.

ఒకరోజు గేటు బయట, కలుపుతీసే అక్క రోజూ చెప్పులేసుకునే చోట, అచ్చం మా పంటలాంటి మొక్క మొలిచింది. డైరెక్టరుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"గింజ నీ బట్టల్లోనే వచ్చింది. రేపట్నుంచి పనిలోకి రాకు."

"ఈ పని పోతే ఎలా బతకాలి సార్?" అంది అక్క.

బాబాయ్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఆమెను దులిపి పంపింది నేను సార్. దులిపాక బయటికేం పోయినా తప్పు నాదే. తీసేస్తే నన్ను తియ్యండి."

ఆకు పరీక్షకు వెళ్లింది. ఫలితం వచ్చేదాకా ఎవరికీ ముద్ద దిగలేదు. చివరికి ప్రయోగశాల నుంచి ఫోనొచ్చింది: అందులో మేం మార్చిన జన్యువు లేదు, అది ఉత్త కలుపుమొక్క! అక్క అక్కడే కూలబడి నవ్వేసింది.

"మన మొక్కే అయ్యుంటే బాబాయ్?" అన్నాను.

"నా ఉద్యోగం ఊడేది. దులపకుండా పంపితే మీది ఊడుతుంది. అందుకేగా ఈ గోలంతా!"

ఆగలేక గట్టిగా కావలించుకున్నాను. బాబాయ్ లబోదిబోమన్నాడు.

"ఓరి నీ! పొలంలోంచి వచ్చి నన్నంటుకున్నావ్! ఇప్పుడు నన్నెవరు దులుపుతారు?"

అక్క లేచి బ్రష్షు అందుకుంది. "చేతులెత్తు బాబాయ్!"

ఆయనకు అంత చక్కిలిగింత అని మాకు ఆ రోజే తెలిసింది.