ముప్పై డిగ్రీల మాస్టారు

బడిలో పిల్లలు పెట్టిన పేరు థీటా మాస్టారు. ముప్పై ఏళ్ళు త్రికోణమితి చెప్పారు కదా, మహా పండితుడనుకునేరు. ఆయనకు తెలిసిన కోణాలు మూడే: ముప్పై, నలభై అయిదు, అరవై. పాఠ్యపుస్తకంలో నిచ్చెనలన్నీ ఆ కోణాల్లోనే గోడకు ఆనేవి, గాలిపటాలన్నీ ఆ కోణాల్లోనే ఎగిరేవి. ఓసారి ఒక పిల్ల లేచి, ముప్పై ఏడైతే ఎలాగండీ అని అడిగితే, "పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు. ఆ పిల్ల మళ్ళీ ఏమీ అడగలేదు.

ఆయన భార్యకు తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలుగా చక్రాల కుర్చీలోనే ఉంది, వీధి మొహం చూడలేదు. గుమ్మానికీ నేలకీ మధ్య అడుగున్నర ఎత్తు. కుర్చీ దిగేలా ఏటవాలుగా ఇనపరేకు వేయించుకుందామని ఆవిడే వెల్డరును పిలిపించింది.

వెల్డరు టేపు పెట్టి కొలిచాడు. "పద్ధెనిమిది అడుగులు కావాలమ్మా. గోడ పక్కనించి తిప్పుదాం."

మాస్టారు పకపకా నవ్వారు. "చదువు లేకపోతే ఇంతే! ఇలా చూడు." క్యాలెండరు వెనక త్రిభుజం గీశారు. "ఎదుటి భుజం అడుగున్నర. కోణం ముప్పై. సైన్ ముప్పై అంటే సగం. కర్ణం మూడడుగులు. అయిపోయింది!"

"ముప్పయ్యే ఎందుకండీ?" అంది భార్య.

"లెక్క చక్కగా తేలుతుంది కనక."

వెల్డరు ఎంత మొత్తుకున్నా వినలేదు. మాస్టారు మూడడుగుల రేకే బిగింపించారు. ఆ వాలు చూసి ఆవిడ పక్కనున్న బెంచీ మీదికి జరిగి, "ముందు మీరు కూర్చుని దిగండి," అంది.

మాస్టారు దర్జాగా కూర్చున్నారు. చక్రాలు వదిలారో లేదో, కుర్చీ రయ్యిమని జారి గేటును గుద్దుకుంది. మాస్టారొక మూల, కళ్ళజోడొక మూల. మోకాలు గీరుకుపోయినా నోరు మాత్రం మూతపడలేదు.

"లెక్కలో తప్పు లేదు!"

వెల్డరు ఆయన్ని లేవదీస్తూ, "పద్ధెనిమిది అడుగులైతే కోణం ఎంతొస్తుందండీ?" అని మర్యాదగానే అడిగాడు.

సైన్ విలువ పన్నెండో వంతు. పుస్తకం వెనక పట్టిక చూస్తే అయిదు డిగ్రీలకు కాస్త తక్కువని దొరికేది. ఆ పేజీ మాస్టారు ఏనాడూ తెరవలేదు. కళ్ళజోడు వెతుక్కోసాగారు.

భార్యకు జాలి కలగలేదు. ఒళ్ళు మండింది.

"నన్ను గడప దాటించలేని లెక్క, ముప్పై ఏళ్ళు ఆ పిల్లలకేం చెప్పారండీ?" అని, వెల్డరు వైపు తిరిగింది. "పద్ధెనిమిది అడుగులే వెయ్యి నాయనా. ఆయన్ని అడక్కు."