జవాబు ఏ భాషలో వచ్చినా

తొలి వానకు మా ఇనుప గనుల ఊరు కూరెకుప్ప రోడ్డు మీది ఎర్రదుమ్ము తడిస్తే ఇనుము వాసన లేస్తుంది. ఈ ఉదయం ఆ వాసన స్టాఫ్‌రూములోకి రాగానే గంగరత్నమ్మ మేడం గుర్తొచ్చారు. మా అంతర్జాతీయ పాఠశాలలో ఆమె సైన్సు చెప్పేవారు. కొత్తగా చేరిన నేను ఏడాదిపాటు ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను. ఉక్కు కర్మాగారానికి వచ్చిన విదేశీ ఇంజనీర్ల పిల్లలూ, ఉచిత సీట్లలో చేరిన గని కార్మికుల పిల్లలూ అక్కడ కలిసి చదివేవారు. నా మొదటి పాఠం చూసి ఆమె, "శానా బాగ చెప్పినావమ్మా. పిల్లోళ్లు ఏం చెప్పినారు?" అన్నారు. గంటసేపట్లో ఒక్కరూ నోరు విప్పలేదని అప్పుడుగాని నాకు తట్టలేదు.

ఆ ఏడు విదేశీ పరీక్షల బోర్డు నుంచి పరిశీలకురాలు వచ్చింది. తరగతిలో ఇంగ్లీషు తప్ప మరో మాట వినిపించకూడదని ప్రిన్సిపాల్ ముందే హెచ్చరించారు. గని దగ్గర నీళ్లు ఎర్రగా ఎందుకు పారతాయని మేడం ఇంగ్లీషులోనే అడిగారు. దోణిమలై గని లారీ డ్రైవరు కూతురు హులిగమ్మ లేచి, రెండు ఇంగ్లీషు మాటలు పలికి ఆగిపోయింది. వెనక పరిశీలకురాలి పక్కనున్న ప్రిన్సిపాల్, కూర్చోమని ఆ పిల్లకు సైగ చేశారు.

"నిలబడు పాపా. నీకొచ్చిన మాటల్లోనే చెప్పు," అన్నారు మేడం.

"మా వంకలో నీళ్లు ఎర్రగా వస్తాండాయి మేడం. బిందెలో పట్టి పెడితే మన్ను అడుక్కి పోతాది, పైన తేట అయితాది. రంగు నీళ్లది కాదు, మన్నుది."

మేడం ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పగానే ఒక కొరియా అబ్బాయి లేచి, తేరడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. ఇంకొకరు, కాదు, రంగు నీళ్లదేనన్నారు. వాదన ముదిరింది. గాజు సీసాల్లో మట్టినీళ్లు కలిపి చూస్తూ, గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ తన గదిలో, తరగతిలో తెలుగు మాట్లాడనిచ్చినందుకు క్షమాపణ పత్రం ఒకటి సంతకానికి మేడం ముందు పెట్టారు. సాక్షిగా నన్నూ పిలిచారు.

"ఏంది సార్ నా తప్పు? పిల్ల మాట్లాడినందుకు నేను క్షమాపణ చెప్పాల్నా? చెప్పను. ఉద్యోగం మీది, తీసుకోండి. తరగతి పిల్లోళ్లది."

ఆ ఏడాది చివర నిజంగానే ఉద్యోగం తీసేశారు. ఆమె సిరిగేరి బడిలో చేరి, అక్కడా అలాగే చెప్పారు. హులిగమ్మ మాత్రం ఆ రోజు తర్వాత మా తరగతిలో ఎవరు ఆపినా ఆగలేదు.

ఆనాడు ఆ గదిలో నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు. ఇప్పుడు మీటింగుల్లో పిల్లల భాషను తరగతి బయటే వదిలేయాలని ఎవరన్నా అంటే ముందుగా అడ్డుపడేది నేనే. హులిగమ్మ బిందె సంగతి వాళ్లకి చెప్తాను.