అయోడిన్ లేని ఉప్పు

ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన కొత్తలో నా గొంతు బొంగురుపోయింది. కోస్గి, మహబూబ్‌నగర్ మధ్య తిరిగే బస్సులో నేను కండక్టర్‌ని. కాలు పెట్టే సందు లేని బస్సులో "జర ముందుకు జరగండమ్మా" అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరిచే మనిషికి గొంతు పోక ఏమవుతుంది అనుకున్నాను. మిరియాల కషాయం తాగాను. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని డ్యూటీ చేశాను. అలా మూడు నెలలు గడిచాయి.

గడ్డను మొదట పట్టుకున్నది మా పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ. రంజాన్ ముందు ఆమెకు ఊపిరాడని పని. అయినా నా జాకెట్ మెడ కొలత తీస్తూ టేపు పట్టుకున్న చేతిని గొంతు దగ్గర ఆపింది.

"గిదేందక్కా, గీడ గట్టిగ తగులుతాంది?"

"కొవ్వేమోనే."

"కొవ్వు గిట్లుండది. ఏదీ, గుటక మింగు." మింగాను. ఆమె వేలు తీయలేదు. "మింగితే మీదికి పోతాంది. రేపే దవాఖానకు పో. జాకెట్ ఎప్పుడైనా కుట్టొచ్చు."

మహబూబ్‌నగర్‌లో స్కానింగ్ తీశారు. గడ్డలోకి సన్నటి సూది దించి పరీక్షకు పంపారు. వారం తర్వాత ఫలితం కోసం నేనూ నా భర్తా వెళ్లాం. ఆయనకు బోరు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. మోటారు ఎక్కడ కాలిందో వాసన చూసి చెప్పగల మనిషి, డాక్టర్ మాట్లాడుతున్నంతసేపూ గోళ్లలోని నలుపునే చూసుకుంటూ కూర్చున్నాడు.

"థైరాయిడ్ క్యాన్సర్. భయపడకండి, క్యాన్సర్లలో ఇది మంచిది," అన్నాడు డాక్టర్.

బయటికి వచ్చాక నేను నవ్వాను. మంచి క్యాన్సరట. నా భర్త నవ్వలేదు. బస్టాండుకు వచ్చాక ఒక్క మాట అన్నాడు. "మీ అమ్మకు చెప్పకు."

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆత్మకూర్‌లో మా బాపు నోటి క్యాన్సర్‌తో పోయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. చివరి నెలల్లో ఆయనకు గంజిని చెంచాతో పోసింది అమ్మే. ఆ మాట మళ్లీ ఆమె చెవిన వేయడానికి నాకు నోరు రాలేదు. గొంతులో గడ్డ, తీసేస్తారు, అంతే అని చెప్పాను.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. అంతటితో అయిపోలేదు. ఒంట్లో ఎక్కడైనా ఆ కణాలు మిగిలి ఉంటే వాటిని చంపడానికి అణుధార్మిక అయోడిన్ గుళిక మింగాలన్నారు. దానికి ముందు నాలుగు వారాలు, గ్రంథి లేనందుకు రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర ఆపాలి. ఆఖరి రెండు వారాలు అయోడిన్ ఉన్నదేదీ తినకూడదు. మామూలు ఉప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేప, ఏవీ వద్దు. మిగిలిన కణాలు అయోడిన్ కోసం ఆకలితో అల్లాడాలి, అప్పుడే మందును పీల్చుకుని చస్తాయన్నారు. నర్సు ఒక తారీకు రాసిచ్చి, "మందు మింగినోళ్లను విడిగ ఉంచే గదులు తక్కువున్నయి. ఈ తారీకు దాటితే మళ్ల ఎప్పుడో చెప్పలేం," అంది.

మాత్ర ఆపిన మూడో వారానికి నేను నేను కాదు. పాలమూరు ఎండల్లో శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. ముఖం ఉబ్బింది. ఐదో తరగతి చదివే నా బిడ్డను పిలిచి, ఎందుకు పిలిచానో మర్చిపోయేదాన్ని. రోజుకు పదిసార్లు గొంతు తడుముకునేదాన్ని. కుట్ల పక్కన చిన్న బొడిపె తగిలితే అది మచ్చో, మళ్లీ మొలిచిందో తెలియక అద్దం ముందుకు వెళ్లేదాన్ని. ఫోన్ మోగితే తారీకు మార్చారేమో అనుకునేదాన్ని.

వండిపెట్టడానికి అమ్మ వచ్చింది. నా భర్త వెతికి తెచ్చిన అయోడిన్ లేని రాయి ఉప్పు ప్యాకెట్ ఆమె చేతిలో పెట్టి, ఇదొక్కటే వాడమని చెప్పాను. సరేనంది.

తారీకు ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. అమ్మ జొన్నపిండి డబ్బా వెనుక నుంచి మామూలు ఉప్పు ప్యాకెట్ తీసి పప్పులో చల్లుతోంది.

"ఏం ఏస్తున్నవమ్మా?"

ఆమె ప్యాకెట్‌ను కొంగు చాటుకు తీసుకుంది. "ఏం లేదు బిడ్డా. జరంత ఉప్పు. గా రాయుప్పు కూరకు అంటుతలేదు. నువ్వు రెండు ముద్దలు గూడ తింటలేవు."

"ఎన్ని దినాలసంది ఏస్తున్నవ్?"

"ఐదారు దినాలాయె. పుండు మానింది గద, ఇంకేం పత్తెం అని..."

నా గొంతు అప్పటికీ సరిగా లేవడం లేదు. ఆ చీలిన గొంతుతోనే అరిచాను. "అది పుండు కాదమ్మా! నాకు క్యాన్సర్! నువ్వేసిన ఉప్పే ఇప్పుడు నా మందుకు అడ్డం!"

అమ్మ పొయ్యి ఆర్పేసింది. నా వైపు తిరిగి అడిగింది. "బాపుకొచ్చిందేనా?"

"గది కాదు. దీనికి మందుంది."

"మరి నాకెందుకు చెప్పలే? గడ్డ అన్నవ్. గడ్డకు ఉప్పు తినొద్దని ఎవరన్న అంటరా? చెప్తే చేతులు నరుక్కుందును గాని, ఉప్పు ఏద్దునా?"

తప్పు ఆమెది కాదని అరిచిన క్షణంలోనే నాకు తెలుసు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టర్‌ని అడిగి చెప్తామన్నారు. నా భర్త దుకాణం మూసి వచ్చి గంటన్నర పాటు నా పక్కన కూర్చున్నాడు. చివరికి కబురు వచ్చింది. ఈ తారీకుకు వద్దు. ఇవ్వాళటి నుంచి మళ్లీ రెండు వారాలు పత్యం. మాత్ర వేసుకోవద్దు. ఎవరైనా రాకపోతే ఆ గది ఇస్తాం.

ఆ రెండు వారాల్లో అమ్మ పాత ఉప్పు తగిలిన గిన్నెలన్నీ రెండేసి సార్లు తోమింది. ఇంట్లోకి ఏ ప్యాకెట్ వచ్చినా నా బిడ్డ చేత అందులో ఏమేం కలిపారో చదివించుకుంది. ఇంటిల్లిపాదికీ అదే చప్పిడి వంట. నా భర్త ముఖం చిట్లిస్తే, "తిను అల్లుడా, రెండు వారాలకు ఏం గాదు," అనేది. ఒకరోజు నా తలకు నూనె రాస్తూ, "ఎన్ని దినాలు ఒక్కదానివే ఉండాలె?" అని అడిగింది. లోపల మూడు రోజులని, తర్వాత రెండు వారాలు పిల్లలకు దూరంగా ఉండాలని చెప్పాను.

"పిల్లను నేను ఆత్మకూర్ తోల్కపోత. నువ్వు ఫికర్ చెయ్యకు."

పదహారో రోజు గది దొరికింది. మందమైన తలుపు, ఒక మంచం, ఒక ఫోను. ఒకతను బరువైన డబ్బాలోంచి గుళిక తీసి ఇచ్చి, నేను మింగగానే దూరం జరిగాడు. మూడు రోజులు అన్నం తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోయేవాళ్లు. నేను మాట్లాడింది గోడలతోనూ, ఫోన్‌లో బిడ్డతోనూ.

తర్వాత తీసిన స్కాన్ ఫలితం తెలిసే రోజు అమ్మ ఆత్మకూర్ నుంచి నేరుగా హైదరాబాద్ వచ్చింది. పిల్లను అక్కడ తన పక్కింటావిడకు అప్పగించిందట. డాక్టర్ ఫైలు తిప్పుతుండగా నేను అడగాలనుకున్నవన్నీ మర్చిపోయాను. అమ్మే ముందుకు జరిగింది.

"సారూ, నా బిడ్డకు క్యాన్సర్ పోయిందా, ఉన్నదా? నాకు సీదా చెప్పుర్రి."

డాక్టర్ తలెత్తి నన్ను వదిలేసి ఆమెనే చూశాడు. "గొంతు దగ్గర మిగిలిన కొద్ది కణాలూ మందును బాగా పీల్చుకున్నాయమ్మా. ఇంకెక్కడా కనబడలేదు. కానీ ఆరు నెలలకోసారి చూస్తూనే ఉండాలి."

"ఏ నెలల రావాల్నో కాయితం మీద రాసియ్యుర్రి," అంది అమ్మ.