మానుకోటలో సర్వర్ తెరుచుకోని ఉదయం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను జనగామలోని ఒక ట్రస్టు కంటి ఆసుపత్రిలో సిస్టమ్స్ ఆఫీసర్‌గా వేశారు. మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌లోనూ, భూపాలపల్లిలోనూ ఉన్న శాఖల కంప్యూటర్లూ నా బాధ్యతే. ఇది చేరిన రెండో ఏటి సంగతి.

మూడు చోట్లా ఒకే రకం సర్వర్. రోగుల వివరాలున్న డిస్కుకు ఎప్పుడూ తాళం వేసి ఉండేది. దాన్ని తెరిచే కీ మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో భద్రంగా ఉంటుంది. యంత్రాన్ని నిద్రలేపే మూల ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. అది మునుపటిలాగే ఉంటేనే చిప్ కీని బయటపెడుతుంది. అందుకే ఫర్మ్‌వేర్ మార్చే ముందు ఈ కాపలాను కాసేపు ఆపాలి. మరిచిపోతే నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ కొట్టాలి. దాన్ని, అది ఏ కీనో చెప్పే గుర్తు నంబరుతో సహా, కాగితం మీద అచ్చువేసి బీరువాలో పెడతాం.

జనగామ, భూపాలపల్లి యంత్రాలకు పద్ధతి ప్రకారమే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాను. రెండూ సాఫీగా సాగేసరికి ధీమా పెరిగింది. మహబూబాబాద్‌కు సర్జన్ వారానికి ఒక్కరోజే వచ్చేవారు. నేను అక్కడికి వెళ్లిన ఉదయం పదకొండు మందికి శుక్లాల ఆపరేషన్లున్నాయి. అవి మొదలయ్యేలోగా ముగిద్దామన్న తొందరలో కాపలా ఆపడం మరిచాను. యంత్రం మళ్లీ లేచి, నీలం తెర మీద రికవరీ కీ అడిగింది.

రికార్డుల ఇన్‌చార్జి సేవంతి బీరువాలోంచి కాగితం తెచ్చింది. తండా నుంచి వచ్చి డిగ్రీ చదివిన మనిషి. ఏదైనా రెండుసార్లు చూడనిదే నమ్మదు.

"సార్, తెర మీద కీ గుర్తు నంబరు వేరే ఉన్నది, కాయితం మీద వేరే ఉన్నది. ఇది పాత డిస్కుది గావొచ్చు," అంది.

నిజమే. చలికాలంలో డిస్కు మార్చాం. కొత్త కీని అచ్చువేయించాల్సింది నేనే, వేయించలేదు. ఎవరి కంట్లో ఏ లెన్సు పెట్టాలో చెప్పే కొలతలన్నీ లోపలే చిక్కుకున్నాయి. అవి ముందురోజు తీసినవి; జనగామకు నకలు పోయేది ఆదివారాల్లోనే. అప్పటికే కళ్లల్లో చుక్కలు వేశారు కాబట్టి ఆ పూట మళ్లీ కొలవడానికి సర్జన్ ఒప్పుకోలేదు.

బెంచీ మీద కూర్చున్న దంతాలపల్లి మల్లవ్వ తలుపులోంచి తొంగిచూసింది. "బిడ్డా, నా కన్ను గా డబ్బలనే ఉన్నదా?"

"ఉన్నది అవ్వా, పైలంగనే ఉన్నది. తాళమే జర పరేషాన్ చేస్తున్నది," అంది సేవంతి.

"అయితె జల్ది తియ్యుండ్రి. పొద్దుగాల సంది చాయ గూడ తాగలే."

నాకు నవ్వొచ్చింది. నవ్వాక బుర్ర కాస్త పనిచేసింది. కొత్త ఫర్మ్‌వేర్ వల్ల చిప్ కీ ఇవ్వడం లేదంటే, పాతది తిరిగి పెడితే ఇవ్వాలి. కొన్ని యంత్రాలు వెనక్కి పోనివ్వవు గానీ ఇది పోనిస్తుంది. మరి పాత ఫైలు? కంపెనీ సైట్‌లో దాన్ని అప్పటికే తీసేశారు. సేవంతిని అడిగితే బీరువా అడుగు నుంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది. పాత ఫర్మ్‌వేర్ ఎక్కించినప్పుడు టెక్నీషియన్ వాడి, ఫైలుతో సహా వదిలేసినది. దాని మీద అప్పుడే యంత్రం నంబరు రాసి టేపు అంటించి పెట్టింది.

"ఇదెందుకు దాచావమ్మా?"

"ఎవరు పారేయమనలే సార్, అందుకే పారేయలే."

పాత ఫర్మ్‌వేర్ ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. యంత్రం లేచింది, ఏ కీ అడగకుండా లాగిన్ తెర చూపించింది. సేవంతి చప్పట్లు కొట్టింది. బెంచీ మీదివాళ్లు కూడా, ఎందుకో తెలియకుండానే కొట్టారు. గంటన్నర ఆలస్యంగా మొదలై పదకొండు ఆపరేషన్లూ సాయంత్రానికి పూర్తయ్యాయి. మల్లవ్వకు చాయ్ నేనే తెప్పించాను.

ఆ తర్వాత కొత్త కీ అచ్చువేసి, కాగితం చూస్తూ యంత్రంలో కొట్టి, తెరుచుకుంటుందని రూఢి చేసుకున్నాం. అప్పుడు కాపలా ఆపి, మళ్లీ కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాం. జరిగిన పొరపాటును రిపోర్టులో నా పేరు మీదే రాశాను. పని పద్ధతుల కాగితంలో రెండు మార్పులు చేశాను: రికవరీ కీని కొట్టి చూడకుండా ఫర్మ్‌వేర్ ముట్టుకోకూడదు, కొట్టి చూసేది ఫర్మ్‌వేర్ ఎక్కించే మనిషి కాకుండా మరొకరై ఉండాలి. ఇప్పటికీ మూడు శాఖల్లోనూ అదే పద్ధతి నడుస్తోంది.